కట్టేసిన మనిషి ముందు – అశ్వత్థామ ఘట్టం తరువాత వచ్చిన ఒక ప్రశ్న

 

కిందటి శనివారం వీడియోలో పోతన గారి భాగవతం, ప్రథమ స్కంధంలో అశ్వత్థామ ఘట్టం చెప్పుకున్నాం. నిద్రపోతున్న ఉపపాండవులు ఐదుగుర్నీ చంపి పారిపోయినవాణ్ణి అర్జునుడు తరిమి పట్టుకుని, పశువుని కట్టినట్టు తాళ్ళతో కట్టి, తీసుకొచ్చి ద్రౌపది ముందు పడేస్తాడు. ఆమె వాణ్ణి చూసి నమస్కారం చేస్తుంది. నిద్రపోయే పిల్లల మీద చేతులెలా వచ్చాయయ్యా అని అడుగుతుంది. ఆ తరువాత అర్జునుడితో, వదిలిపెట్టమంటుంది. నేను ఏడుస్తున్నట్టే వీడి తల్లి కృపి కూడా ఏడవాలా అంటుంది. ఆ ఘట్టం చెప్తుంటే నాకే గొంతు పట్టేసింది, వీడియోలో మీరు గమనించే ఉంటారు.

మూడు రోజుల తరువాత నరసరావుపేట వైపు నుంచి ఒక పెద్దాయన ఛానల్ నంబరుకి ఫోన్ చేశారు. "బాగా చెప్పావు బాబూ. ద్రౌపది మహాతల్లి, కాదనను. కానీ నాకొకటి చెప్పు. పురాణం కాబట్టి వినటానికి బాగుంటుంది. మన చిలకలూరిపేట బస్సు తగలబెట్టినోళ్ళని కూడా అట్టాగే వదిలెయ్యమంటావా?"

నాకు వెంటనే నోరు పెగల్లేదు. ఆలోచించి రాస్తానండీ అని పెట్టేశాను. ఇది ఆ రాత.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 1993 మార్చి 8 తెల్లవారుజామున హైదరాబాద్ నుంచి చిలకలూరిపేట వస్తున్న ఆర్టీసీ బస్సులో, దోపిడీ కోసం ఎక్కిన ఇద్దరు యువకులు పెట్రోలు పోసి నిప్పు పెట్టారు. 23 మంది కాలిపోయారు. అప్పటికి నేను పుట్టలేదు. అయినా మా ఇంట్లో రాత్రి బస్సు ఎక్కేటప్పుడు ఎవరో ఒకరు ఆ మాట ఎత్తకుండా ఉండరు. ఆ ఇద్దరికీ గుంటూరు కోర్టు ఉరిశిక్ష వేసింది, 1996లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఉరికి తేదీ కూడా పడి, ఆగింది. పౌరహక్కుల వాళ్ళు, రచయితలు ఎంతో తిరిగారు. విషయం రాష్ట్రపతి దాకా వెళ్ళి 1998లో అది యావజ్జీవ శిక్షగా మారింది. ఆ ఇద్దరూ పేద దళిత కుటుంబాల వాళ్ళు.

పెద్దాయన అడిగింది న్యాయమైన ప్రశ్నే. మనం భక్తి కథల్లో చెరసాల గురించి మాట్లాడినప్పుడల్లా తేలికైన ఉదాహరణలే తీసుకుంటాం. కృష్ణుడు పుట్టింది జైల్లో కదా అంటాం. నిజమే, కానీ దేవకీ వసుదేవులు ఏ తప్పూ చెయ్యలేదు. తప్పు చెయ్యనివాడి మీద జాలిపడటానికి పెద్ద ధర్మజ్ఞానం అక్కర్లేదు. నేను సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నాను. మా దగ్గర ఒక ప్రోగ్రామ్ సరిగ్గా ఉందో లేదో మంచి ఇన్‌పుట్ ఇచ్చి చూడరు, అన్నిటికన్నా చెత్త ఇన్‌పుట్ ఇచ్చి చూస్తారు. ధర్మసూత్రమైనా అంతే అనుకుంటా. అందుకే నాకు దేవకి కన్నా అశ్వత్థామ ముఖ్యం. వాడు నేరం చేశాడు, సందేహం లేదు. వాడు చంపింది నిద్రలో ఉన్న పసివాళ్ళని.

మధ్యలో ఇంకొకాయన ఉన్నారు, భక్త రామదాసు. గోల్కొండ వెళ్ళినవాళ్ళు ఆయన్ని పెట్టిన కొట్టు చూసే ఉంటారు. పన్నెండేళ్ళు అందులో ఉన్నాడని చెప్తారు. మనకాయన భక్తుడు. కానీ తానీషా ప్రభుత్వం లెక్కల ప్రకారం చూస్తే ఆయన వసూలు చేసిన శిస్తు సొమ్ము ఖజానాకి కట్టకుండా భద్రాచలం గుడికి ఖర్చుపెట్టిన ఉద్యోగి. ఇవాళ్టి భాషలో చెప్పాలంటే నిధుల దుర్వినియోగం కేసు. ఆ జైల్లో కొట్టిన దెబ్బలకి తాళలేక రాముణ్ణే నిష్ఠూరాలాడి, మళ్ళీ తప్పు కాయమని వేడుకున్నాడని ఆయన కీర్తనల్లోనే ఉంది. ఆ కీర్తన మనం శ్రీరామనవమి పందిట్లో పానకం తాగుతూ వింటాం. అందులో ఒక ఖైదీ దెబ్బలు తింటున్నాడన్న సంగతి మన చెవికి ఎక్కదు. నాకూ ఎక్కలేదు, నిన్న మొన్నటిదాకా.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్పాలి. చెప్పకుండా ఈ పోస్టు రాస్తే అబద్ధమవుతుంది.

నేను ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో ఉండగా, సంక్రాంతి సెలవులకి ఊరొచ్చాను. మాది మిరప, పత్తి వేసే ఊరు. ఆ ఏడాది మా బోరు మోటారు కేబుల్ వైరు ఎవరో కోసుకుపోయారు. రాగి కోసం. మిరప తోటకి నీళ్ళు పెట్టాల్సిన అదును. వైరు ఖరీదు ఒక ఎత్తు, వారం రోజులు తడి లేకపోతే చేనుకి జరిగే నష్టం ఒక ఎత్తు. నాన్న ఫిర్యాదు ఇచ్చారు. మర్నాడే ఒక కుర్రాణ్ణి పట్టుకెళ్ళారు. మా చేలోకి కాయ కోతకి వచ్చేవాడే, పంతొమ్మిది ఇరవై ఏళ్ళుంటాయి, దాదాపు నా ఈడు. మా అరుగు మీద కూర్చున్న ఒకాయన, "కళ్ళలో కాస్త కారం కొడితే వాడే చెప్తాడు" అన్నాడు. అందరం నవ్వాం. నేను కూడా. మన పంటే, మన నోటి మాటే.

మూడో రోజు సాయంత్రం వాణ్ణి మా చేలకి తీసుకొచ్చారు, వైరు ఎక్కడ దాచాడో చూపించటానికి. వాడు జీపు దిగి నడవలేకపోయాడు. ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని కాలవ గట్టు మీద నడిపించారు. గట్టు పక్కన తుప్పల్లో వైరు దొరికింది. వాడే తీశాడు, అందులో అనుమానం లేదు. వాళ్ళ అమ్మ దూరంగా గట్టు మీద నిలబడి ఉంది. దగ్గరికి రానివ్వలేదు. మా అమ్మ కల్లంలో కాయలు ఎగదోస్తున్నదల్లా బిందె తీసుకుని వెళ్ళి వాడికి నీళ్ళు పట్టింది. ఎవరో వద్దన్నారు. "దొంగయితే దాహమెయ్యదా?" అంది. వచ్చేటప్పుడు నాతో అన్నమాట, "వాళ్ళమ్మ నా మొహం వంక చూసిందిరా. నేను తల ఎత్తలేకపోయా."

నాకు అప్పుడు వైరు దొరికిందన్న సంతోషమే. ఆ తరువాత చాలా ఏళ్ళకి, ఊరికే చదువుతూ, అక్కడ జరిగిన పనికి వెనక ఉన్న మెలిక తెలిసింది. పోలీసుల దగ్గర ఒప్పుకున్న మాట కోర్టులో చెల్లదు. 1872 నాటి సాక్ష్య చట్టం నుంచీ అదే రూలు, 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలోనూ అదే ఉంది. కొట్టి ఒప్పించకూడదనే ఆ రూలు పెట్టారు. కానీ దానికే ఒక మినహాయింపు ఉంది. కస్టడీలో ఉన్నవాడు చెప్పిన మాట వల్ల వస్తువు దొరికితే, ఆ వస్తువుకి సంబంధించినంత వరకు ఆ మాట చెల్లుతుంది. అంటే నోటి మాట పనికిరాదు, వైరు పనికొస్తుంది. వాణ్ణి మా గట్టు మీద ఎందుకు నడిపించారో అప్పుడు అర్థమైంది. ముందు తలుపు మూసి పక్క కిటికీ తెరిచిపెట్టినట్టు.

ఇంకో రూలు కూడా అప్పుడే తెలిసింది. అరెస్టు చేసినవాణ్ణి ప్రయాణం సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. రాజ్యాంగం 22వ అధికరణం. మా వాణ్ణి మూడో రోజు దాకా ఎక్కడా పెట్టలేదు. డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరులోనే చెప్పింది, అరెస్టు కాగితం రాయాలి, ఇంట్లోవాళ్ళకి తెలియజెయ్యాలి, 48 గంటలకొకసారి డాక్టరుకి చూపించాలి అని. మా ఊళ్ళో ఆ మాట తెలిసినవాళ్ళు ఒక్కళ్ళు లేరు. తెలిసినా అడిగేవాళ్ళం కాదేమో, పోయింది మా వైరు కదా.

సరే, ఇప్పుడు పెద్దాయన ప్రశ్న.

ద్రౌపది చేసింది క్షమ. అది ఆమె ఇష్టం. పిల్లలు పోయింది ఆమెకి. ఆమె తప్ప ఆ మాట అనే అర్హత ఇంకెవరికీ లేదు. బస్సులో మనుషుల్ని పోగొట్టుకున్న ఇళ్ళకి వెళ్ళి, ద్రౌపదిని చూసి నేర్చుకోండి అని చెప్తే అంతకన్నా పాపం ఉండదు. వాళ్ళు క్షమించకపోతే అది వాళ్ళ హక్కు. జీవితాంతం మండిపడినా వాళ్ళని ఒక్క మాట అనడానికి మనమెవరం?

కానీ ఆ ఘట్టంలో ద్రౌపది ఒక్కతే లేదు. వీడియోలో నేను ఈ సంగతి సరిగ్గా చెప్పలేదు. భీముడు చంపి తీరాలంటాడు. వాడి మీదికి వెళ్తాడు. ద్రౌపది అడ్డం వస్తుంది. అప్పుడు కృష్ణుడు నాలుగు చేతులతో నిలబడి, రెండు చేతులతో భీముణ్ణి ఆపి, రెండు చేతులతో ద్రౌపదిని పక్కకి జరుపుతాడు. గమనించండి, భీముణ్ణే కాదు, ద్రౌపదిని కూడా జరిపాడు. పగనీ ఆపాడు, క్షమనీ పక్కన పెట్టాడు. ఆ తరువాత శిక్ష జరిగింది. తలమీద మణితో సహా జుట్టు కోసేసి, కట్లు విప్పి, శిబిరం నుంచి వెళ్ళగొట్టారు. ఊరికే వదల్లేదు. అలాగని కట్టేసి ఉన్నవాణ్ణి భీముడి చేతికి వదిలెయ్యలేదు.

కాబట్టి నా సమాధానం ఇది పెద్దయ్యా. వదిలెయ్యమనను. శిక్ష పడాలి. కానీ ఒకసారి మనిషిని కట్టేశాక, వాడి ప్రాణం, ఒళ్ళు, మానం, తిండీ నీళ్ళూ మన పూచీ అవుతాయి. వాడు మంచివాడని కాదు. వాడు తనని తాను కాపాడుకోలేడు కాబట్టి. తాళం చెవి ఎవరి దగ్గరుందో ధర్మం వాళ్ళ మీద ఉంటుంది, వాడిమీద కాదు.

మన రాష్ట్రంలోనే దీనికి ఒక కేసు ఉంది. 1977లో కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైల్లో ఒక తండ్రీ కొడుకులున్నారు, ఒక క్రిమినల్ కేసులో. తమ ప్రాణాలకి ముప్పుందని ముందే చెప్పుకున్నారు. అయినా ఒక రాత్రి కొందరు జైల్లోకి జొరబడి వాళ్ళున్న గదిలోకి బాంబులు వేశారు. తండ్రి చనిపోయాడు. కొడుకు కోర్టుకెళ్తే ప్రభుత్వం ఏమని వాదించిందంటే, జైలు నడపటం రాజ్యాధికారపు పని, దానికి పరిహారం అడగకూడదు అని. హైకోర్టు 1,44,000 రూపాయలు ఇమ్మంది. ప్రభుత్వం అప్పీలుకెళ్తే 2000 సంవత్సరంలో సుప్రీంకోర్టు కొట్టేసింది. శిక్ష పడినవాడైనా, విచారణలో ఉన్నవాడైనా, డిటెన్యూ అయినా మనిషి మనిషేనని, జైల్లో ఉన్నా ప్రాణానికున్న హక్కు పోదని చెప్పింది. 23 ఏళ్ళు పట్టింది ఆ ఒక్క మాటకి. అక్కడ బాంబు వేసింది ప్రభుత్వం కాదు. అయినా తాళం వేసింది ప్రభుత్వమే. అందుకే జవాబు చెప్పాల్సి వచ్చింది.

ఇది రాస్తుంటే మా ఆఫీసులో స్నేహితుడు ఒకడు అడ్డు తగిలాడు. "అశ్వత్థామ గురుపుత్రుడు, బ్రాహ్మణుడు కాబట్టి వదిలారురా. మీ వైరు దొంగ అయితే కృష్ణుడు నాలుగు చేతులు పెట్టేవాడా?" వాడు వెటకారంగా అన్నాడు కానీ, అందులో నిజముంది, దాటెయ్యకూడదు. ఘట్టంలో గురుపుత్రుడు, బ్రాహ్మణుడు అన్న కారణాలు స్పష్టంగానే ఉన్నాయి. ఎవరిని కట్టినప్పుడు ఎవరికి జాలి పుడుతుందన్నది ఈనాటికీ మనిషిని బట్టే ఉంది. అప్పటి మన గుంటూరు జిల్లాలోనే చూడండి. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని నరికి చంపారు. ఆ కేసులో ఒక్కరికీ ఉరి పడలేదు, పడిన యావజ్జీవ శిక్షలు కూడా 2014లో హైకోర్టులో నిలవలేదు. నేను ఎవరికీ ఉరి పడాలని కోరుకోవటం లేదు. త్రాసు ఒకటేనా అని అడుగుతున్నాను.

బాపట్ల దగ్గర స్టువర్టుపురం ఉంది. ఆ పేరు చెప్తే మనకి సినిమాలు గుర్తొస్తాయి. ఆ ఊరు ఎలా పుట్టిందో చాలామందికి తెలియదు. క్రిమినల్ ట్రైబ్స్ చట్టం అని బ్రిటిష్ వాళ్ళు 1871లో తెచ్చారు, 1911లో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. దాని కింద ఎరుకల వాళ్ళని పుట్టుకతోనే నేరస్తులని రాసేసి, సెటిల్‌మెంట్లలో పెట్టారు. అలాంటి వాటిలో స్టువర్టుపురం ఒకటి. హెరాల్డ్ స్టువర్ట్ అనే అధికారి పేరు పెట్టి సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. హాజరు వేయించుకోవాలి, అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. ఏ నేరమూ చెయ్యని పసిపిల్లవాడు కూడా అందులో ఖైదీయే. స్వతంత్రం వచ్చాక, 1952లో ఆ చట్టం దేశమంతటా పోయింది. పేరు పోలేదు. 1970లలో మన గుర్రం జాషువా గారి అమ్మాయి హేమలతా లవణం, ఆమె భర్త లవణం గారు అక్కడికి వెళ్ళి ఆ మనుషుల మధ్య పనిచేశారు. వాళ్ళు నాస్తికులు, మన ఛానల్‌లో ఆ పేర్లేమిటని కొందరనుకోవచ్చు. అనుకోనివ్వండి. ద్రౌపది చేసిన పనిని మన కళ్ళ ముందు చేసినవాళ్ళు వాళ్ళు.

2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు సుకన్య శాంత కేసులో తీర్పు ఇచ్చేదాకా, చాలా రాష్ట్రాల జైలు మాన్యువళ్ళలో కులాన్ని బట్టి వంట ఎవరు చెయ్యాలి, ఊడ్చేది ఎవరు అని రాసే ఉంది. ఈ విముక్త జాతుల మనుషుల మీద అనుమానపు రాతలు కూడా ఉన్నాయి. కోర్టు అవన్నీ కొట్టేసింది. డెబ్భై ఏడేళ్ళ స్వతంత్రం తరువాత.

స్నేహితుడికి నేను చెప్పింది ఇంతే. కృష్ణుడు ఆ రోజు గురుపుత్రుడికిచ్చింది, రాజ్యాంగం 21వ అధికరణంలో అందరికీ రాసిపెట్టారు. అక్కడ 'ఏ వ్యక్తి' అనే ఉంది. బ్రాహ్మణుడనీ లేదు, పౌరుడనీ లేదు, మంచివాడనీ లేదు. అది రాసినవాళ్ళలో జైలు కూడు తిన్నవాళ్ళు తక్కువ కాదు. మన ఉన్నవ లక్ష్మీనారాయణ గారు మాలపల్లి రాసింది కూడా జైల్లోనే.

మన దేశంలో జైళ్ళలో ఉన్న ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు ఇంకా నేరం రుజువు కానివాళ్ళు. విచారణ ఖైదీలు. వాళ్ళలో కొందరు బెయిలు వచ్చినా, జామీను పెట్టేవాళ్ళు లేక లోపలుంటారు. కొత్త బి.ఎన్.ఎస్.ఎస్. చట్టం 479 సెక్షన్ ప్రకారం, మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాడు ఆ నేరానికి పడే గరిష్ఠ శిక్షలో మూడోవంతు కాలం లోపల గడిపేస్తే విడుదలకి అర్హుడు. ఉరి, యావజ్జీవం పడే నేరాలకీ, ఒకటికన్నా ఎక్కువ కేసులున్నవాళ్ళకీ ఇది వర్తించదు. లోపలున్నవాడికి ఇది ఎవరు చెప్పాలి? గుంటూరులోనూ ఒంగోలులోనూ జిల్లా న్యాయసేవాధికార సంస్థలున్నాయి, కస్టడీలో ఉన్నవాళ్ళకి ఉచితంగా లాయరుని పెడతారు. 15100కి ఫోన్ చేస్తే చాలు, డబ్బులు పడవు. మీ ఊళ్ళో ఎవరినైనా పట్టుకెళ్ళారని తెలిస్తే, వాడు తప్పు చేశాడో లేదో తేలేదాకా ఆగకండి, ఆ నంబరు వాళ్ళ ఇంట్లోవాళ్ళకి ఇవ్వండి. మన పక్కింటివాడు కాకపోయినా సరే. మన వైరు తీసినవాడైనా సరే.

ఇదంతా రాసి, వేసే ముందు పెద్దాయనకి ఫోన్ చేసి చదివి వినిపించాను. మధ్యలో ఒక్కమాటా అనలేదు. బస్సు సంగతి వచ్చినప్పుడు దగ్గారు, అంతే. అయిపోయాక చాలాసేపు ఊరుకుని, "నేను ఒప్పుకున్నానని రాయొద్దు" అన్నారు. రాయనండీ అన్నాను. మళ్ళీ కాసేపాగి, "ఆ కుర్రాడు ఇప్పుడేం చేస్తున్నాడు?" అని అడిగారు.

నాకు తెలియదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు. ఆ సాయంత్రం అమ్మకి ఫోన్ చేశాను.

"ఎవరు, ఆ వైరు పిల్లోడా? ఉన్నాడుగా. పెళ్ళయింది. పోయినేడు మన చేలో కోతకి ఇద్దరూ వచ్చారు. ఎడమ కాలు కాస్త ఈడుస్తాడు. ఎందుకురా ఇప్పుడు?"

వచ్చే శనివారం వీడియోలో కుంతీదేవి స్తుతి చెప్పుకుందాం.